మా ఇంట్ల ఎవ్వరికి లేదు

ముసురు పడితే చాలు, నా ఛాతీ బిగుసుకుపోయేది. ఎండాకాలం దుమ్ములో ఎంత తిరిగినా ఏమీ కాదు. గాలిలో తడి చేరిందా, పిల్లికూతలు మొదలు. ఆ తడి మా ఇంట్లోనే కాపురముండేది. కోరుట్లలో మా అమ్మ బీడీలు చేసేది. తునికాకు ఎండితే విరిగిపోతుందని తడిగోనెలో చుట్టి పెట్టేవాళ్లం. వానాకాలం ఆ గోనె పక్కన నేనూ ఎగపోసేదాన్ని, అమ్మా ఎగపోసేది. కాని అమ్మది మాత్రం ఉత్త సర్దట! ఇంట్లో దమ్ము, అంటే ఉబ్బసం, ఉందని తెలిస్తే నాకు సంబంధాలు రావని ఆమె భయం. నాకు ఒళ్లు మండేది.

జగిత్యాల డాక్టరు ప్రతిసారీ అడిగేవాడు, "మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?" అని.

"మా ఇంట్ల ఎవ్వరికి లేదు సార్," అనేది అమ్మ, తడుముకోకుండా. ఆయన సర్దిమందు రాసేవాడు. మేం తిరిగొచ్చేవాళ్లం.

తెలంగాణ కోసం బస్సులు బందైన వానాకాలం, నేను డిగ్రీ చదువుతున్నాను. మళ్లీ దమ్ము లేచింది. ఆటోలో బయలుదేరాం. జగిత్యాల దగ్గర పడుతుండగా రాస్తారోకో. దిగి తుంపరలో నడిచాం. ఒక పోలీసాయన లాఠీ అడ్డం పెట్టి వెనక్కి పొమ్మన్నాడు.

"రోడ్డేమన్న నీ తాత జాగీరా? నా బిడ్డకు పానం బాగలేదు. జరుగు!" అని అరిచింది అమ్మ.

రోడ్డు మీద కూర్చున్నవాళ్లంతా "జై తెలంగాణ" అన్నారు. సగం గొంతుతో నేనూ అన్నాను. ఆయన జరిగాడు. అమ్మను చూసి నాకు ఎంత గర్వమైందో!

దవాఖాన హాలు నిండా జనం. డాక్టరు మళ్లీ అదే మాట అడిగాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఎగపోస్తూనే, "ఎవ్వరికి లేదు సార్," అంది.

ఇక నావల్ల కాలేదు. "అబద్ధం సార్! అమ్మకు నాకంటె ఎక్కువుంది. ఆ కొంగు తీసి సూడున్రి!"

అమ్మ నా తొడ గిల్లింది. గిల్లితే గిల్లనీ.

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "ఇందుకేనమ్మా నేనడిగేది. వానల అందరం తడుస్తం. కొందరి ఊపిరిగొట్టాలు మాత్రం తడిగాలి తగిలితే చాలు, బిగుసుకుంటయి. ఆ గుణం కొంత కన్నవాళ్ల నుంచి వస్తది. ఇది సర్ది కాదు. ముందే చెప్పుంటే సరైన మందు ఎప్పుడో మొదలుపెట్టేవాణ్ని."

వరుసలో కూర్చున్న ఒకావిడ మూతి విరిచింది. "గట్లయితె గీ పిల్లను ఎవలు చేసుకుంటరు?"

నేను లేవబోయాను. అమ్మ నా భుజం పట్టి కూర్చోబెట్టి, తనే ఆమె వైపు తిరిగింది. కొంగు జారిపోయింది. అమ్మ పిల్లికూతలు హాలంతా వినిపించాయి.

"చేసుకోకుంటె పాయె! నీ ఇంటికచ్చి అడిగిన్నా?"

తర్వాత డాక్టరుతో అంది: "రాస్కోన్రి సార్. నాకుంది. మాయమ్మకు గూడ ఉండె. జరమొచ్చి సచ్చిందని ఊరందరికి నేనే చెప్పిన. జరం కాదు సార్. ఊపిరాడక నా చేతులల్ల సచ్చింది. నా బిడ్డను గట్ల పోనియ్య."