చాంపియన్ గారి ఎడమకాలు

ఆ క్లబ్బులో ఆయనను చాంపియన్ గారనే తప్ప మరొక విధంగా ఎవరూ పిలిచేవారు కారు. నగర టెన్నిస్ పోటీలలో వరుసగా నాలుగేళ్లు కప్పు గెలిచి, మిగిలిన జీవితమంతా ఆ కప్పుల కథ చెప్పుకొంటూ గడిపిన మహానుభావుడాయన. కప్పులు ముందుగదిలో అద్దాల బీరువాలో కొలువుండేవి. వాటిని తోమే చేతులు మాత్రం ఆయన భార్యవి. ఊరంతా మెచ్చిన వీరుణ్ణి ఆ ఇల్లాలు ఎందుకు మెచ్చలేదో ఆమెకొక్కతెకే తెలుసు.

కారణం ఆయన ఎడమకాలు.

చిన్న పోటీలకు అంపైరు ఉండడు. తన వైపు పడిన బంతి లోపలో బయటో ఆటగాడే చెప్పాలి. ఎర్రమట్టి మీద బంతి పడిన చోట చిన్న మచ్చ మిగులుతుంది కనుక, అనుమానం కలిగితే ఎదుటివాడు వచ్చి చూసుకోవచ్చు. చాంపియన్ గారు ఎవరికీ అంత శ్రమ కలిగించేవారు కారు. గీత మీద పడిన బంతిని "అవుట్" అని గంభీరంగా ప్రకటిస్తూనే, అలవోకగా ఎడమకాలు ఈడ్చి ఆ మచ్చను చెరిపేసేవారు. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్లు, లోకానికి చూపు లేదని ఆయన నమ్మకం.

పెళ్లయిన కొత్తలో ఆట చూడబోయిన భార్యకు మాత్రం చూపుంది.

"అది గీత మీదే పడింది కదండీ?" అని ఇంటికొచ్చాక అడిగింది.

"ఆట గురించి నీకేం తెలుసు? వెళ్లి కూరలో ఉప్పు చూసుకో."

"కూరలో ఉప్పెక్కువైతే నేనే ఒప్పుకుంటానండీ."

ఆ తరువాత ఆమె ఆయన ఆటకు మరి వెళ్లలేదు.

ఒళ్లు బరువెక్కాక ఆయన పిల్లలకు గురువయ్యారు. ఆయన నేర్పిన సర్వీసు అరకొర, బ్యాక్‌హ్యాండు అంతకన్నా అరకొర. కాలీడ్పు మాత్రం నేర్పకుండానే అందరికీ అబ్బింది. అదేదో గురువుగారి ఠీవి అనుకొని, పాయింటు గెలిచినా ఓడినా, ఆ పిల్లలందరూ కుంటి కొంగల్లా ఎడమకాలు ఈడ్చుకొంటూ తిరిగేవారు. చాంపియన్ గారు లోకానికిచ్చిన వారసత్వం అదీ! ఆ ఊరేగింపు చూసినప్పుడల్లా భార్యకు నవ్వాగేది కాదు.

కూతురి కూతురు రాకెట్టు పట్టిన నాడు ఆ నవ్వు ఆగిపోయింది.

"ఈ పిల్లనొక్కదాన్ని వదిలెయ్యండి. ఇంకెవరి దగ్గరైనా నేర్పిస్తాను."

"ఇంట్లో చాంపియన్ని పెట్టుకుని వీధులు వెతుకుతావా? నా పేరు నిలబెట్టేది అదేనే!"

"నా భయమూ అదే."

ఆ భయంతోనే, మనవరాలు ఫైనలు ఆడే రోజున ఆమె ఎన్నో ఏళ్ల తరువాత మళ్లీ వెళ్లి కోర్టు పక్కన గట్టు మీద కూర్చుంది. ఒక్క పాయింటు గెలిస్తే కప్పు మనవరాలిదే. ఎదుటి పిల్ల కొట్టిన బంతి వెనుకగీతను రాసుకొంటూ పోయింది.

"అవుట్!" అంది మనవరాలు. క్లబ్బువారు చప్పట్లు మొదలుపెట్టారు.

"నేను చూస్తాను," అంటూ ఎదుటి పిల్ల నెట్టు దాటి వస్తోంది. మనవరాలి ఎడమకాలు లేచింది.

"ఆ కాలు కదిపావంటే ఊరుకోను!"

చప్పట్లు ఆగిపోయాయి. అమ్మమ్మ చెప్పులతోనే కోర్టులోకి దిగి, పిల్ల చెయ్యి పట్టుకొంది. వెనుకనే చాంపియన్ గారు రొప్పుతూ వచ్చారు.

"నీకు మతి పోయిందా? ఇంటిగుట్టు లంకకు చేటని తెలీదూ? నలుగురిలో నా పరువు..."

"మీ పరువు బూటు కిందే ఉందండీ. చూసి అడుగెయ్యండి."

తేలు కుట్టిన దొంగలా ఆయన ఎడమకాలు వెనక్కి తీసుకొన్నారు.

మనవరాలి కళ్లు నిండాయి. "నేను అబద్ధమాడలేదమ్మమ్మా. అనుమానమొస్తే అవుటేనని తాతయ్యే చెప్పాడు."

"మరి ఆ అనుమానం తీర్చుకోవేం? వంగి చూడు."

పిల్ల మోకాళ్ల మీద కూర్చుంది. ఎదుటి పిల్లా వచ్చి పక్కన చేరింది. తలలు తాకేంత దగ్గరగా ఇద్దరూ వంగారు. అన్ని ఆటలాడిన మనవరాలు అలాంటి మచ్చను అంతవరకు ఒక్కసారైనా చూసి ఎరుగదు.

"సగం గీత మీదే ఉంది," అంది ఆశ్చర్యంగా. లేచి, మోకాళ్ల మట్టి దులుపుకొని, అందరికీ వినబడేలా, "పాయింటు నీదే," అంది. తరువాత ముక్కు తుడుచుకొంటూ అమ్మమ్మ వైపు తిరిగింది.

"ఇంక బయటికి నడు అమ్మమ్మా. ఆట అవలేదు."