గిటార్‌కి తలంటు

పాత గిటార్ కొన్నవాళ్లెవరైనా దాన్ని వాయిస్తారు, చేతకాకపోతే గోడకు తగిలిస్తారు. నేను దానికి తలంటు పోశాను. నా పరువు గంగలో కలిసిన ఆ వైనం చెబుతాను, కడుపారా నవ్వుకోండి.

మా నాన్న బెంగాల్లో ఖిదిర్‌పూర్ ఓడరేవులో క్రేన్ మేస్త్రీ. పక్కింటి బెంగాలీ దాదా దగ్గర హవాయి గిటార్ నేర్చుకున్నాడు. దాన్ని ఒళ్లో పడుకోబెట్టి, తీగెల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించాలి. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. విశ్వకర్మ పూజ సాయంత్రాలు ఆ గోడకి ఆనుకుని వింటూ నిద్రపోయేవాణ్ణి. అబ్బ, తేనె! తర్వాత నాన్న పోయాడు. ఓ వానాకాలం ఇంట్లోకొచ్చిన నీళ్లకి గిటారూ ఉబ్బి ఊడిపోయింది. అమ్మ మాత్రం ప్రతి పూజకీ అదే మాట.

"ఆ సప్పుడు ఒక్కసారి ఇనాలనుందిరా."

నాకూ అంతే. నాన్న ముఖం మసకబారుతోంది గానీ, ఆ రాగం చెవిలోంచి పోలేదు.

అందుకే పోయినేడు వెతికి వెతికి ఓ పాత పెడల్ స్టీల్ గిటార్ కొన్నాను. హవాయి గిటార్‌కి పెద్దన్న అనుకోండి. కాళ్లున్న బల్లలా ఉంటుంది. పైన తీగెలు, కింద తొక్కే పెడళ్లు. అమ్మినాయనా బెంగాలీయే, ఇక్కడ అందరూ దాదాలే, అంటే అన్నలే. చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, చాలు. కీళ్ల దగ్గర సన్నని నూనె ఒక్క చుక్క. జోల్ ఏక్‌దమ్ నా, నీళ్లు అసలొద్దు! తీగెల కింద శబ్దం పట్టే పికప్ ఉంది, తడి తగిలితే శేష్, ఇక అంతే!"

"నాకు చెబుతారా దాదా? క్రేన్ మేస్త్రీ కొడుకుని!"

ఈ పొగరే కొంప ముంచింది. విశ్వకర్మ పూజ ముందురోజు మా ఇళ్లలో ఇనుమూ ఇత్తడీ ఏదీ తప్పించుకోలేదు. స్పానర్ నుంచి సైకిల్ బెల్లు దాకా చింతపండుతో తోమి, కడిగి, పసుపు రాసి బొట్టు పెట్టాల్సిందే. గిటార్‌ని పొడిగుడ్డతో రుద్దాను. మెరుపేదీ? కొత్త గిటారోడు పొడిగుడ్డ ఎరగడని సామెత. మీరు వినలేదంటే అది ఆరోజే పుట్టింది కాబట్టి.

"అమ్మా, చింతపండెక్కడుంది?"

"చారుకా?"

"గిటార్‌కి."

"ఓలమ్మో, మళ్లీనా!"

మళ్లీ ఏమిటని అడగాల్సింది. వింటేగా! తీగెలు తోమాను. బకెట్ నీళ్లు పెట్టుకుని మగ్గుతో కడిగాను. కీళ్లకి నాన్న క్రేన్ వైద్యం చేశాను. అంటే, కదిలేచోటల్లా గుప్పెడు గ్రీజు. పెళ్లికొడుకులా మెరిసిపోతుంటే దిష్టిచుక్క కూడా పెట్టాను.

మర్నాడు సాయంత్రం ఆకాశం నిండా పూజకి ఎగరేసే గాలిపటాలు. అమ్మ మంచి చీర కట్టుకుని ఎదురుగా కూర్చుంది. చూద్దును కదా, తీగెలన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. అయినా స్పీకర్‌కి తగిలించి పెడల్ తొక్కాను. అది గ్రీజులో దిగబడి పైకి రానంది. తీగె మీటాను.

"గ్ర్ర్ర్... కీఁఁ..."

గిటార్ అమ్మిన దాదాకి ఫోన్ చేశాను.

"దాదా, గిటార్ కొంచెం తడిసింది."

"కొంచెం అంటే?"

"బకెట్టు."

అటునుంచి "ఆప్ని కి మానుష్?" అన్నాడు. మీరు మనిషేనా అని. న్యాయమైన ప్రశ్నే.

చేతులు కాలాక ఆకులన్నట్టు, తీగెలు తోమాక పొడిగుడ్డ పట్టుకుని కూలబడ్డాను. "నాన్న రాగం నీకు వినిపిద్దామనుకున్నానమ్మా. పాడుచేశాను."

అమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"మళ్లీ మీటరా."

"ఏటి మీటను? పాడైపోయిందంటే!"

"పాడవనేదు. ఇదేరా ఆ సప్పుడు! మీ నాన్న పూజొస్తే సాలు, తన గిటార్ని సింతపండెట్టి తోమీసీవోడు. సెప్తే ఇంటేనా? తీగెలన్నీ తుప్పే. అచ్చం ఇలాగే కీసుమనీది."

"మరి నేను విన్న ఆ తేనెలాంటి రాగం?"

"అదా? గోడవతల దాదా వాయించీవోడు."

ఇన్నేళ్లూ నేను బెంగపెట్టుకున్నది పక్కింటాయన పాట మీదన్నమాట! పగలబడి నవ్వాను. మధ్యలో అది ఏడుపైపోయింది. మళ్లీ మీటాను. అమ్మ కళ్లు మూసుకుంది. ఆ కీచులో నాన్న ఎంత దగ్గరగా వచ్చాడో చెప్పలేను.

కాబట్టి విశ్వకర్మ సాక్షిగా, బొట్టు పెట్టిన స్పానర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చింతపండు చారులో తప్ప సంగీతంలో వేయను. గిటార్‌ని పొడిగుడ్డతోనే, మెల్లగా, ఆ తుప్పు ఒక్క రవ్వ కూడా రాలకుండా తుడుస్తాను.