పెయ్యదూడ ఎక్కిన కారు

మా కారును తిట్టనివాళ్లు మా చుట్టాల్లో ఒక్కరు లేరు, ఎక్కనివాళ్లు కూడా ఒక్కరు లేరు. మదనపల్లెలో ఒక టమాటా వ్యాపారి వాడి వాడి వదిలించుకున్న బండి అది. వెనక తలుపు బయట నుంచే తెరుచుకుంటుంది. పొద్దున పూట తోస్తే గాని కదలదు. ఎక్కేటప్పుడు ‘మన బండి’, దిగాక ‘డొక్కు డబ్బా’! పెద్దపంజాణి పక్కన మా పల్లెలో ఎవరింట్లో పెళ్లయినా ముందు మా వాకిట్లోకే వస్తారు.

అందరిలోకీ మా ఆడబిడ్డ మొగుడు ఒక ఎత్తు. కుప్పంలో పెళ్లికి మా కారులో పోవాలని ముందురోజే దిగాడు. ఇంటల్లుడు కదా, బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పెట్టాను.

తెల్లారి కొట్టంలోకి పోతే మా పెయ్యదూడ పడిపోయి ఉంది. కడుపు ఉబ్బిపోయి, నోట్లోంచి నురగ కారుతోంది.  వరసగా కోడెదూడలే వేసిన మా ఆవుకు పుట్టిన ఒకే ఒక్క ఆడదూడ అది. ఆవు ముసలిదైపోయింది. ఈ దూడ నిలిస్తేనే మా ఇంట్లో పాడి నిలుస్తుంది.

పుంగనూరు పశువుల ఆస్పత్రికి పోదాం పదమని మా ఆయన్ను లేపాను. అల్లుడుగారు అడ్డం వచ్చాడు.

“పుంగనూరు ఆ పక్క, కుప్పం ఈ పక్క. ముహూర్తం టైముకు నేనెట్ల పోయేది? ఇంటల్లుడి కంటే గొడ్డు ఎక్కువైపాయెనా?”

మా ఆయన తాళం చేత్తో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

“అన్నా, నువ్వు పోకపోయినా ఆ పెండ్లి అయితాది. ఇది మాత్రం ఇంకాసేపటికి సస్తాది” అన్నాను.

నేనూ మా ఆయనా దూడను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. బండి స్టార్ట్ కాలేదు. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చుంటే, చీర బిగించి నేనొక్కదాన్నే తోస్తున్నాను. ఆ మహానుభావుడు పక్కనే నిలబడి “పట్టుపంచె నలుగుతాదమ్మా” అన్నాడు! ఒళ్లు మండిపోయింది నాకు. ఎట్లాగో బండి అందుకుంది.

ఆస్పత్రిలో డాక్టరు గొట్టం వేసి గాలి తీస్తే పులిసిన వాసన గుప్పుమంది.

“ఏం పెట్టినారమ్మా దీనికి?”

“గడ్డే సార్.”

“గడ్డి కాదు. అన్నం, బెల్లం బాగా తినుండాది.”

అప్పుడు నోరు విప్పాడు మా ఆయన. “రాత్రి మిగిలిన అన్నం, ఓళిగలు బావ గంపతో పెట్నాడు. దూడకు పెడితే పున్నెమొస్తాదన్న్యాడు.”

చూశారా! పెట్టిందీ ఆయనే, కారు అడిగిందీ ఆయనే. అన్నీ తెలిసి ఈయన దారి పొడుగునా నోరెత్తలేదు.

మధ్యాహ్నానికి దూడ లేచి నిలబడింది. ఇంటికొచ్చేసరికి అల్లుడు ఎవరిదో బైకెక్కి వెళ్లిపోయాడని తెలిసింది. అంతలోనే ఆడబిడ్డ ఫోను.

“మా ఆయన్ను ఈదిలో నిలబెట్టి, గొడ్డును కార్లో తిప్పుతారా? మాకింకేం మర్యాదుండాది ఆ ఇంట్లో?”

“వదినా, ఆ దూడ బతికిందా సచ్చిందా? అదొక్క మాట అడిగితివా నువ్వు?”

 ఇంతలో మా ఆయన నా చేతిలో ఫోను లాక్కున్నాడు.

“తప్పయిపాయక్కా” అన్నాడు. “బావను మనసులో పెట్టుకోవద్దని సెప్పు.”

ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు.