ఇంట్లో మాట్లాడని పిల్ల

1994లో నేను మస్కట్‌లో, రూవీలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో చెవి పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని. మాది కడప. హైదరాబాదులో ఆడియోమెట్రీ, అంటే మనిషికి ఎంత వినపడుతోందో కొలిచే పని నేర్చుకుని, పెళ్లయ్యాక మా ఆయన ఉద్యోగం వెంట ఒమన్ వచ్చాను. క్లినిక్‌లో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మనవాళ్లు ఎవరొచ్చినా డాక్టరుగారు నా గదికే పంపేవారు. దాంతో చెవులకు సంబంధం లేని సంగతుల్లో కూడా సలహాలు చెప్పడం అలవాటైపోయింది నాకు.

ఆ అక్టోబరులో గంగాధర్, సుజాత తమ నాలుగేళ్ల పాప స్రవంతిని తీసుకొచ్చారు. జగిత్యాల దగ్గరి ఊరు. గంగాధర్ ఏసీ మెకానిక్‌గా వచ్చి ఆరేళ్లు కంపెనీ రూములో గడిపి, సూపర్‌వైజరయ్యాక ఫ్యామిలీ వీసా తెచ్చుకున్నాడు. హమ్రియాలో ఒక పాత ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. భార్యాబిడ్డలు వచ్చి ఎనిమిది నెలలవుతోంది.

"పిల్ల బడిల మాట్లాడ్తలేదు మేడం" అన్నాడు గంగాధర్. "పిలిస్తె పలుకుతలేదట. చెవులు చూపియ్యిమని టీచర్ చెప్పింది."

"ఊర్ల ఉన్నప్పుడు నోరు మూతపడకపోయేది" అంది సుజాత. "ఇంట్ల ఇప్పటికి గూడ మాట్లాడ్తది. బడికి వోతెనే గిట్ల."

సుజాత మాటకారి. కూర్చున్న పది నిమిషాల్లో విమానంలో పాప ఏం అడిగిందో, పక్కింటి ఒమానీ పెద్దావిడ మొదటిరోజు గిన్నెడు ఖర్జూరాలు ఎలా తెచ్చిచ్చిందో అన్నీ చెప్పేసింది.

ఆ రోజు పరీక్ష సగమే అయింది. చెవి లోపలి కర్ణభేరి సరిగ్గా కదులుతోందో లేదో చూసే టింపనోమెట్రీ చేశాను, బాగానే ఉంది. అసలు వినికిడి పరీక్షకు బయటి చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోవాలి. స్రవంతి ఆ గది తలుపు చూసి ఏడుపు అందుకుంది. మూడు నెలల తర్వాత రమ్మన్నాను. అక్కడితో ఊరుకోవలసింది.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారమ్మా?"

"తెలుగే గద మేడం."

"అదే ఇబ్బంది. బడిలో ఇంగ్లీషు, బయట హిందీ, అరబ్బీ, ఇంట్లో తెలుగు. పిల్ల తికమక పడుతోంది. ఇకనుంచి తెలుగు ఆపేసి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి."

సుజాత ముఖం వాడిపోయింది. "నాకు ఇంగ్లీషు రాదు గద మేడం."

"వచ్చినంతే మాట్లాడు. నువ్వూ నేర్చుకున్నట్టుంటుంది."

ఆ రోజుల్లో చాలామంది ఇచ్చిన సలహాయే అది. కానీ నా సంగతి వేరు. చిన్నప్పుడు కడపలో మా ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, మదరసాలో అరబ్బీ అక్షరాలు, బడిలో ఇంగ్లీషు. వీటన్నిటి మధ్యా పెరిగి ఒక్కపూట కూడా తికమక పడనిదాన్ని. ఆ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాకపోవడమే నేటికీ ఆశ్చర్యం.

జనవరిలో మళ్లీ వచ్చారు. గంగాధర్‌కి డ్యూటీ ఉండి తర్వాత వస్తానన్నాడట. సుజాతకు తోడుగా పక్కింటి పెద్దావిడ ఉమ్ సాలిం వచ్చింది. ఉమ్ సాలిం అంటే సాలిం తల్లి అని. అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

సుజాతను చూసి గుర్తుపట్టలేకపోయాను. మనిషి చిక్కిపోయింది. అడిగినదానికి తప్ప మాట్లాడటం లేదు.

"ఇప్పుడు ఇంట్ల గూడ బంద్ చేసింది మేడం. రెండు నెల్లాయె, నోట్లెకెల్లి ఒక్క మాట లేదు. బడోళ్లు వచ్చే ఏడు దీన్ని తీసుకోం అంటున్నరు. ఆయన మమ్ముల ఊరికి తోలిస్త అంటున్నడు."

ఈసారి స్రవంతి పేచీ పెట్టకుండా గదిలోకి వచ్చింది. చిన్నపిల్లలకు ప్లే ఆడియోమెట్రీ అని ఆటలాగా చేస్తాం. చెవికి హెడ్‌ఫోన్ పెట్టి, 'కూ' మని చప్పుడు వినపడగానే ఒక చెక్కముక్క బకెట్లో వెయ్యమంటాం. చప్పుడు తగ్గించుకుంటూ పోతాం. ఆ పిల్ల ఒక్కటి కూడా వదల్లేదు. గుసగుస కన్నా సన్నటి చప్పుడికి కూడా చెక్క పడింది. రెండు చెవులూ నిక్షేపంగా ఉన్నాయి.

సుజాతకు చెబితే సంతోషించాల్సింది పోయి భయపడింది. "చెవులు మంచిగున్నయంటే మరి ఏమైంది మేడం? మనసుల ఏమన్న అయిందా?"

డాక్టరుగారిని అడుగుదామని, పాపను హాల్లో ఉమ్ సాలిం దగ్గర కూర్చోబెట్టి, సుజాతను వెంటబెట్టుకుని నడిచాను. డాక్టరుగారు వేరే పేషెంటుతో ఉన్నారు. వెనక్కి తిరిగి హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక చిన్న గొంతు వినపడింది.

"అబ్గా మాయ్." నీళ్లు కావాలి.

ఉమ్ సాలిం సీసా అందించింది. "లా, బారిద్!" ఇవి కాదు, చల్లటివి. ఆ తర్వాత గోడమీది చెవి బొమ్మను చూపిస్తూ ఇదేంటి, అదేంటి అని ఆగకుండా ప్రశ్నలు. అంతా అరబ్బీలో. అడుగుతున్నది స్రవంతి.

నా పక్కన సుజాత గోడ పట్టుకుని నిలబడిపోయింది. మమ్మల్ని చూడగానే పిల్ల ఠక్కున నోరు మూసుకుంది.

"ఈ పిల్ల మాట్లాడదని తీసుకొచ్చారా?" ఉమ్ సాలిం అరబ్బీలో నన్ను అడిగింది. "మధ్యాహ్నం నన్ను కన్ను మూయనివ్వదు. మా కోళ్లన్నిటికీ పేర్లు పెట్టింది. పనిచూసుకోమని నేనే రోజూ వాళ్లమ్మను ఇంటికి పంపించేస్తాను."

తెలుగులో చెప్పాను. సుజాతకు ఏడుపు ఆగలేదు. "నాతోని ఎందుకు మాట్లాడది మేడం? నేనేం జేసిన?"

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఇంట్లో ఎలా ఉంటారో చెప్పమన్నాను.

"మీరు చెప్పినట్టే. కమ్, సిట్, ఈట్, స్లీప్, నో. నాకు వచ్చిందంతే. ఆయన బుక్కు తెచ్చిండు గని తలకెక్కుతలేదు. అది తెలుగుల అడిగితె గిట్ల అన్న." తన పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. "పండుకునేటప్పుడు కత చెప్పుమని ఏడ్సేది. చెప్పలే. ఇంగ్లీషుల కత నాకెట్ల వస్తది? రెండు వారాలు ఏడ్సి, ఇగ అడుగుడే బంద్ చేసింది."

బడిలో మాత్రమే బెదిరిన పిల్లకు ఇంట్లో కూడా నోరు లేకుండా చేసింది నేను. పక్కింటి ముసలావిడ వాకిట్లో నోటిమీద వేలు పెట్టేవాళ్లు లేరు. పిల్ల తన మాటలన్నీ అక్కడికి మోసుకెళ్లింది.

"తప్పు నాదమ్మా" అన్నాను. "తెలుగు ఆపమని నేను చెప్పి ఉండకూడదు."

అప్పటికి గంగాధర్ యూనిఫారంతోనే వచ్చాడు. అంతా విన్నాడు. "మీరు చెప్తెనే గద మేడం చేసినం. మల్ల గిప్పుడు మీరే మార్చి చెప్తున్రు. ఇది నమ్మాల్నా?"

"నన్ను నమ్మొద్దు. ఒక్క నెల వాళ్లను ఊరికి పంపకుండా చూడు. సుజాతను తనకు వచ్చిన భాషలో మాట్లాడనియ్యి. అప్పటికీ ఏమీ మారకపోతే నీ ఇష్టం."

అతను భార్యవైపు చూశాడు. "ఏమంటవ్?" అంటే, ఆమె "నెల ఉంట" అంది.

డాక్టరుగారికి జరిగినదంతా, నా సలహాతో సహా, చెప్పాను. పిల్లకు వినికిడి బాగుందని, కాస్త సమయం ఇమ్మని ఆయన బడికి ఉత్తరం రాసిచ్చారు.

నెల కాకముందే ఒక గురువారం సుజాత అపాయింట్‌మెంటు లేకుండా వచ్చింది. ఆమెకు పాత మాటకారితనం తిరిగొచ్చిందని ముఖమే చెబుతోంది.

"తెలుగుల పిలిస్తె దూరం జరిగేది అక్కా. మల్ల వేలు పెడ్తనని భయమాయె. ఇగ ఏం జెయ్యాలె? అది ఏడ మాట్లాడ్తే ఆడికే పోదామని దినాం ఉమ్ సాలిం వాకిట్ల కూసున్న. అరబ్బీ చెప్పుమన్న. నన్ను జూసి మూడు రోజులు మూతి ముడుసుకున్నది. తర్వాత మెల్లగ ముసలమ్మ చెవుల గుసగుసలు మొదలువెట్టింది. మొన్న ఆమె నాకు 'కల్బీ' అనుడు నేర్పింది. నా గుండె అని, పిల్లల్ని ముద్దుజేస్తరట. గొంతుల లోపటికెల్లి అనాలె. నాకేం వస్తది? దీన్ని దగ్గరికి తీసుకోని అన్న. ముసలమ్మ కడుపు పట్టుకోని నవ్వుడు. నేనన్నదానికి 'నా కుక్క' అని అర్థమట!"

"పాప?"

"అదీ నవ్వింది. నవ్వి నవ్వి నా నోటి మీద చెయ్యివెట్టి, 'గట్ల కాదే అమ్మా, గట్ల అనద్దు' అన్నది. తెలుగుల, అక్కా! తెలుగుల!"

నా గదిలో నేనూ సుజాతా ఇద్దరం ఏడ్చాం. ఆ రాత్రి పిల్ల నాలుగు కథలు చెప్పించుకుందట.

బడిలో నోరు విప్పడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. మొదట ఒక స్నేహితురాలితో, తర్వాత టీచరుతో. క్లాసులో ఉంచారు. వాళ్లు మరో ఏడేళ్లు హమ్రియాలోనే ఉన్నారు. కొన్నాళ్లకు సుజాత అరబ్బీ నాకన్నా బాగా మాట్లాడేది. కొత్తగా వచ్చిన మనవాళ్ల ఆడవాళ్లను తనే నా క్లినిక్‌కి తోడు తీసుకొచ్చేది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆ పని చేశాను. మిషన్లు మారాయి, పద్ధతులు మారాయి. మాట్లాడని పిల్లను తీసుకొచ్చిన ఏ తల్లినీ ఇంట్లో ఏ భాష అని నేను మళ్లీ ఎప్పుడూ ముందుగా అడగలేదు. పిల్ల ఎవరి దగ్గర నవ్వుతుంది, ఎవరిని ప్రశ్నలతో విసిగిస్తుంది అని అడిగేదాన్ని. నాకు తెలియని విషయమైతే తెలియదని చెప్పేదాన్ని. తల్లికి ఎంతసేపు మాట్లాడాలని ఉంటే అంతసేపు మాట్లాడనిచ్చేదాన్ని.