తరీక్ మాఫీ

నేను ఖతార్‌కు వచ్చిన కొత్తలో జరిగిందిది. మా ఆయన డ్యూటీ దుఖాన్ అనే సముద్రతీరపు ఊళ్ళో. ఒక శుక్రవారం ఇద్దరం సముద్రం ఒడ్డునే చాలా దూరం నడిచాం. ఎదురుగా చిన్న దీవి. సముద్రం వెనక్కి తగ్గడంతో దాని దాకా ఇసుక దారి తేలి ఉంది. ఆయన ఆయాసంతో వెనకే కూర్చుండిపోయారు. దీవి చుట్టి రావాలని నేను ముందుకు కదిలాను.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న అరబ్బు తాత నన్ను చూసి "తరీక్ మాఫీ! తరీక్ మాఫీ!" అని అరిచాడు. తరీక్ అంటే దారి అని మా ఆయన నేర్పారు. మాఫీ నాకు కొత్తా? రుణమాఫీ విని పెరిగిన కరీంనగర్‌దాన్ని! దారికి డబ్బులు మాఫీ చేశాడనుకుని, దండం పెట్టి మరీ వెళ్ళాను.

దీవి చుట్టి వచ్చేసరికి దారి లేదు. అంతా నీళ్ళే.

"మాఫీ అంటే లేదని! దారి ఉండదన్నడే ఆ తాత!" అప్పటికి తాత దగ్గరికి చేరుకున్న మా ఆయన అవతలి ఒడ్డు నుంచి కేకలు.

చివరికి ఆ తాతే పడవ తెచ్చి ఎక్కించుకున్నాడు. సిగ్గుతో చేతులు జోడించి "మాఫ్ చెయ్యి తాతా" అన్నాను.

తాత పకపకా నవ్వి, "మాఫీ ముష్కిల్" అన్నాడు.

అంటే 'ఇబ్బందేం లేదు' అనట. ఇప్పుడు నాకూ తెలుసు. కానీ ఆ మాట ఎక్కడ విన్నా, క్షమించేశాననే వినిపిస్తుంది.