అరువిచ్చిన గొంతు

ఆవిడ రోజుకు ముప్పైసార్లు ప్రేమలో పడుతుంది. పొద్దున తొమ్మిదింటికల్లా డబ్బింగ్ స్టూడియోకు చేరి, చెప్పులు గది బయట విడిచి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మైకు ముందు నిలబడి "నువ్వు లేకపోతే నేను బతకలేను" అంటుంది. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజినీరు "ఊపిరి కాస్త ఎక్కువైంది మేడమ్" అంటాడు. ఊపిరి తగ్గించి మళ్లీ బతకలేనంటుంది. మధ్యాహ్నం డబ్బా మూత తీసే వేళకు కనీసం నలుగురు హీరోల కోసం ప్రాణాలు వదిలేసి ఉంటుంది. పరాయి భాషల్లో తీసిన సీరియళ్లను మన భాషలోకి మార్చే ఆ స్టూడియోలో పదిహేనేళ్లుగా కథానాయికల గొంతు ఆవిడదే. అందుకని అక్కడ అందరూ ఆవిడను హీరోయిన్ గారూ అనే పిలుస్తారు.

హీరోయిన్ గారికి నలభై రెండేళ్లు. ఇన్నేళ్లలో మగవాడి మీద గానీ ఆడదాని మీద గానీ ఆ రకమైన కోరిక ఒక్కసారీ కలగలేదు. కలగలేదన్న బాధ కూడా కలగలేదు. ఆ బాధేదో చుట్టూ ఉన్నవాళ్లే పంచుకున్నారు పాపం, ఆవిడ వాటాతో సహా.

ఉన్న సంగతి రెండేళ్ల కిందట అమ్మకు చెప్పింది. అమ్మ ఏడ్చి, తన చెల్లెలికి ఫోన్ చేసింది. ఆ పిన్ని ఉందే, పెళ్లికాని మనిషి ఏ ఇంట్లో ఉన్నా వీధి చివర నుంచే పసిగట్టగలదు. చేతిసంచీ పట్టుకుని దిగిపోయి, ముందు డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. రక్తం తీశారు, స్కానింగులు తీశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పాడు. అన్నీ బాగున్నాయంటే ఇంకేదో పెద్ద జబ్బే అయ్యుంటుందని పిన్ని తేల్చింది.

ఆ కోరికే కలగని మనుషుల్ని ఏసెక్సువల్ అంటారని, తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని ఆవిడకు తర్వాత తెలిసింది. నెలకో శనివారం ఒక స్టేషనరీ కొట్టు మీది గదిలో ఏడుగురు చేరేవారు. ఒక లెక్కల టీచరు, ఒక నర్సు, రిటైరైన బస్సు కండక్టరు, ఇలా. లోకాన్ని మార్చేద్దామని కూర్చుని, కిటికీ తెరవాలా ఫ్యాను వెయ్యాలా అన్న దగ్గరే గంట గడిపేసేవారు. లెక్కల టీచరు ఆ వాదన అంతా మినిట్స్ బుక్కులో రాసేవాడు. అయినా ఆ గదిలో "ఇంతకీ ఎందుకని?" అని ఎవరూ అడగరు. ఆ ఒక్క సుఖం కోసం ఆవిడ రెండు బస్సులు మారి వెళ్లేది.

ఇంతలో స్టూడియోకు కొత్త సీరియల్ వచ్చింది. అందులో కథానాయిక అచ్చం వీళ్లలాంటిదే. టీవీలో మనవాళ్లు కనబడటం ఇదే మొదలని శనివారం గదిలో పండగైపోయింది. కండక్టరు గారైతే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దానికి గొంతు ఇవ్వబోయేది మన హీరోయినే అని తెలిసి కిటికీ, ఫ్యానూ రెండూ మర్చిపోయారు.

ఆ సంబరం ఇంటిదాకా వచ్చింది, కాకపోతే వేరే దారిలో. సాయంత్రం ఏడు కొట్టేసరికి అమ్మ టీవీ ముందు కూర్చునేది.

"చూడవే, ఆ పిల్ల కూడా నీలాగే. దానికి నయమైతే నీకూ అవుతుంది."

"అది కథమ్మా."

"కథైతే మాత్రం, ఊరికే రాస్తారా? కనుక్కునే రాస్తారు."

డాక్టరు కాగితాలు ఎందుకూ పనికిరాకపోయినా, సీరియల్ మాత్రం వైద్యమైపోయింది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ మాట్లాడుకుని, వచ్చే శుక్రవారం ఆఖరి ఎపిసోడ్ అయిపోతుంది కనుక, ఆ ఆదివారమే పెళ్లిచూపులకు రమ్మని ఒక బట్టల వ్యాపారికి కబురు పెట్టారు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడట.

ఆఖరి ఎపిసోడ్ కాగితాలు బుధవారం చేతికొచ్చాయి. కథానాయిక హీరో భుజం మీద వాలి చెప్పాల్సిన మాట ఇది: "నీ ప్రేమే నన్ను బాగుచేసింది. ఇప్పుడు నేను నిండైన ఆడదాన్ని." ఆవిడకు ఒళ్లు మండింది. ఆ మాట తన నోటితోనే అమ్మ చెవిన పడితే, ఇక ఆ ఇంట్లో తన మాటకు విలువ ఉండదు. కాగితం పట్టుకుని, మాటలు రాసే పెద్దాయన దగ్గరకు వెళ్లింది.

"ఇదేంటండీ గురువు గారూ, ప్రేమిస్తే తగ్గడానికి ఇదేమన్నా జలుబా?"

"వాళ్ల కథమ్మా అది. పెదాలకు మాటలు సరిపెట్టడం వరకే నా పని."

"మార్చలేరా?"

"మారిస్తే చానెల్ వాళ్లు నన్ను మారుస్తారు."

అయినా ఆయన లేచి వచ్చి ఆ సీను రెండుసార్లు వేయించుకుని చూశాడు. అమ్మాయి మొహం హీరో భుజంలో దాగి ఉంది. తెర మీద కనబడేది ఆమె వీపు, జుట్టు, అంతే. పెదాలు కనబడితేనే డబ్బింగ్‌కు కట్టుబాట్లు. వీపు కనబడినంతసేపు నిడివి సరిపోతే చాలు, ఏం చెప్పినా అతుకుతుంది.

"నేనలా కాఫీ తాగొస్తాను. నువ్వు కానిచ్చెయ్" అన్నాడు పెద్దాయన. ఆయన కాఫీ మానేసి ఆరేళ్లయింది.

రికార్డింగ్ మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఆవిడ కాగితం పక్కన పెట్టేసింది.

"నాలో బాగుచెయ్యాల్సిందేమీ లేదు. నన్నిలాగే ఉండనిస్తావా?"

తెర మీద హీరో కళ్లనీళ్లతో నవ్వి, తల ఊపాడు. ఎవరో రాసిన వేరే మాటకు అతను నవ్విన నవ్వు దీనికే బాగా కుదిరింది. అద్దం అవతల ఇంజినీరు దాన్ని మరోసారి వేసుకుని విన్నాడు. తర్వాత "ఓకే మేడమ్, ఇంకో టేక్ వద్దు" అన్నాడు.

శుక్రవారం ఏడింటికి తల్లీకూతుళ్లు టీవీ ముందు కూర్చున్నారు. ఆ మాట వచ్చింది. హీరో నవ్వాడు. పేర్లు పడ్డాయి. అమ్మ టీవీ గొంతు తగ్గించింది.

"ఆ మాట కాగితంలో ఉన్నదేనా?"

"కాదమ్మా."

"అనుకున్నా." అమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "పదిహేనేళ్లుగా వింటున్నానే నిన్ను. ఎవడో ఒకడి కోసం చచ్చిపోతానంటావు, నాకు ఒక్కసారీ నమ్మబుద్ధి కాలేదు. ఇది నమ్మాను."

అంతలో ఫోన్ మోగింది. పిన్నే. తనూ సీరియల్ చూసినట్టుంది, గొంతు ఇంటి అవతలికి వినబడుతోంది.

"ఆదివారం వాళ్లను రావద్దని చెప్పు" అంది అమ్మ.

"అదేంటక్కా? అమ్మాయికి బాగాలేదా?"

"బాగానే ఉంది. ముందు నుంచీ బాగానే ఉందట, నేనే వినలేదు."

పిన్ని ఇంకేదో అడుగుతూనే ఉంది. అమ్మ ఆ మాటే మళ్లీ మొదటి నుంచి చెప్పింది.