గడ్డి కుక్కిన మూట

మా ఓలింకా వదిన చేపల గుడిసె ఎక్కిందంటే చుట్టుపక్కలవాళ్ళు తలెత్తి చూసేవారు. నాలుగు గుంజల మీద నిలబెట్టిన అటక లాంటి గుడిసె అది. ఎండబెట్టిన సాల్మన్ చేపల్ని కుక్కలకీ నక్కలకీ అందకుండా గోనెసంచుల్లో కట్టి అందులో దాచుకుంటాం. కావలసిన సంచి తీసుకుని దిగిరావడం వదినకి చేతకాదు. ఉన్న ప్రతి సంచీ ముడి విప్పి, మణికట్టు మునిగేదాకా చెయ్యి దూర్చి, అడుగుదాకా తడిమి, మళ్ళీ ముడి వేసేది. ఎనభై దగ్గరపడి మోకాళ్ళు మొరాయిస్తున్నా అదే వరస.

“ఏం వదినా, లోపల ఎలక దొరికిందా?” అని కింద నుంచి మా తమ్ముడు ఈవన్ అరిచేవాడు.

“దొరికితే నీకే కట్టబెడతా ఉండు. నిన్ను చేసుకోవడానికి అదొక్కటే ఒప్పుకుంటుంది.”

మా మేనత్త కూతురు కాబట్టి ఆవిడ మా ఇద్దరికీ వదిన. మాలో మనిషి తప్పుని కన్నవాళ్ళు నలుగురిలో ఎత్తిచూపరు. వరసైనవాళ్ళు ఎగతాళి చేసి దిద్దుతారు. నాకు ఎగతాళితో ఆగేది కాదు, సంగతి తేలాలి. ఎందుకలా తడుముతావని అరవై ఏళ్లు అడిగాను. అడిగినప్పుడల్లా ముక్కు ముడిచేది. మాకు కనుబొమలెత్తితే ఔను, ముక్కు ముడిస్తే కాదు. ఆ పైన నోటితో పని లేదు.

మాది కుస్కోక్విమ్ నది ఒడ్డున చిన్న ఊరు. అలాస్కా మనుషులందరికీ కలిపి ఒక పెద్ద మూట ఉంది. ఉత్తరాన నేలలోంచి తీసిన చమురు మళ్ళీ మొలవదు కదా, అందుకని ఆ డబ్బులో కొంత పక్కకి తీసి, అసలు ముట్టకుండా దాని మీద వచ్చేదే వాడుకోవాలని ముందువాళ్ళు నిధిగా కట్టారు. ఆకులు రాలే రోజుల్లో ఆ రాబడిలోంచి పసిపిల్లతో సహా తలా ఒక చెక్కు వస్తుంది. పొయ్యిలోకి నూనె, పిల్లలకి బూట్లు, మంచుబండికి మరమ్మతు, అన్నీ దానితోనే. మా ఊళ్ళో అందరికీ చెక్కు సంగతి తెలుసు. మూట సంగతి పట్టించుకున్నది ఓలింకా వదిన ఒక్కతే.

పోయినేడు చలికాలంలో, రాజధానిలో ఖర్చులకి చాలడం లేదట, రాబడికి మించి ఈసారికి ఇంకొంచెం తీసుకుందామంటున్నారట అని రేడియోలో విన్నాం. మర్నాడు ఊరందరం బట్టలుతుక్కునే గదిలో గోడకి ఒక కాగితం వెలిసింది. వదిన చేతిరాత. ‘రాబడికి మించి తియ్యొద్దు. మన చెక్కు తగ్గినా సరే. ఒప్పుకున్నవాళ్ళు సంతకం పెట్టండి.’

“చెక్కు తగ్గినా సరేనా?” ఈవన్ తడిబట్టల బుట్ట కింద పడేశాడు. “నీ పొయ్యి నువ్వార్పుకో వదినా, నా పొయ్యి జోలికి రాకు. ఇంకా పుట్టనివాళ్ళ కోసం నేనెందుకు చలికి వణకాలి?”

“పుట్టనివాళ్ళెవర్రా? నీ పేరెవరిది?”

“మీ చిన్నమామయ్యది.”

“ఆయన పోయాక నువ్వొచ్చావు. ఆయన గిన్నె నీకిచ్చారు, ఆయన పడవ నీకిచ్చారు. మా అమ్మ నిన్ను ఎత్తుకుని ‘తమ్ముడూ’ అని ముద్దాడేది. రేపు నీ పేరు పెట్టుకుని నువ్వే వస్తావు. వచ్చి ఏం తింటావు, ఈ గోడనా?”

ఆడవాళ్ళం పడీపడీ నవ్వాం. అయినా సంతకాలు తొమ్మిదే. నాది పదోది. నిజం చెప్పాలంటే నేను పెట్టింది వదిన మొహం చూసి.

ఫిబ్రవరిలో రాజధాని జూనోలో కమిటీ కూర్చుంది. జనం మాట ఫోన్లో వింటారు, మనిషికి రెండు నిమిషాలు. వదిన ఉతికిన పూల గౌను వేసుకుని కౌన్సిల్ ఆఫీసుకి వచ్చింది. ఆఫీసులో పనిచేసే అగాఫియా ఆవిడ మనవరాలు వరస. ఆ పిల్లకి అప్పటికి నాలుగో నెల. వదిన మా భాషలో చెబితే ఆ పిల్ల ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి.

“ఏం చెబుతావు వదినా? ముందు నాకు చెప్పరాదూ?”

“నీకు చెబితే కమిటీ కంటే ముందు ఊరంతా వింటుంది.”

బల్ల మీద ఫోన్లోంచి గొంతు వచ్చింది. “ఓలింకా గారూ, లైన్లో ఉన్నారా?”

వదిన కనుబొమలెత్తింది.

“ఓలింకా గారూ?”

ఇంకా పైకెత్తింది, నుదురంతా మడతలు పడేలా. మేమందరం చూస్తున్నాం, ఆవిడ జవాబు చెప్పిందనే అనుకుంటున్నాం. “లేనట్టున్నారు. తరువాతివారు,” అంది ఆ గొంతు. అప్పుడు తెలిసింది, ఫోనుకి కళ్ళు లేవని. గుమ్మంలో ఈవన్ నవ్వలేక కూలబడ్డాడు. వదిన కూడా నవ్వింది. ఆవిడ అంతలా నవ్వడం అదే ఆఖరు.

అగాఫియా మళ్ళీ కలిపింది. వరసలో చివరికి వేశారు. గంటన్నర కూర్చున్నాం.

ఈసారి వదిన గట్టిగా “ఉన్నాను” అంది. మొదలుపెట్టింది. తన పేరు ఎవరి పేరో, ఆ పేరు మోసిన మనిషి ఎలా పోయిందో చెప్పింది. తండ్రి ఏ ఊరివాడు, తల్లి ఎవరి బిడ్డ, పెనిమిటి వాసిలీ ఏ సంవత్సరం నదిలో మునిగిపోయాడు, అన్నీ చెప్పింది. ఎవరి మనిషివో చెప్పకుండా మాట్లాడితే మాలో ఆ మాట ఎవరూ తీసుకోరు. తరువాత కమిటీవాళ్ళ ఇంట్లో అందరూ కులాసానా అని అడిగి, జవాబు కోసం మర్యాదగా ఆగింది. అగాఫియా చెమటలు తుడుచుకుంటోంది. “అమ్మమ్మా, తొందరగా,” అంది మెల్లిగా.

“నాకు ఎనిమిదేళ్ళప్పుడు,” అంది వదిన, “మా చేపల గుడిసెలో…”

గంట మోగింది. “మీ సమయం అయిపోయింది. ధన్యవాదాలు.”

వదిన అలాగే ఫోను మీదికి వంగి ఉంది. ఆ తరువాత ఏమైందని వాళ్ళడుగుతారని.

“ఇంక వినరా?”

“లేదమ్మమ్మా.”

ఇంటికి తీసుకొచ్చి టీ పెట్టాను. గట్టి బిస్కెట్టు ముంచుకుంది, తినలేదు. నేను అడగలేదు. నా బతుకులో అడక్కుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. ఆవిడే చెప్పింది.

“మా నాయనమ్మ ఒక మూట వెనక దూలానికి కట్టేది. నదిలో గడ్డకట్టిన మంచు కదిలితేనే మళ్ళీ చేపలు. అందాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. మార్చిలో నాకు ఆకలేసింది. అందరికీ వేస్తుంది, నాకొక్కదానికేనా? ఒక ముక్క తీశా. అంత మూటలో ఒక్క ముక్కకి ఏమవుతుందే? మర్నాడు ఇంకోటి. మూట కుంగిపోతోంది. కింద నుంచి చూస్తే నిండుగా కనపడాలని, బూట్లలో వేసుకునే ఎండుగడ్డి లేదూ, అది కుక్కా.”

నేను కప్పు కింద పెట్టాను.

“ఆ ఏడు మంచు కదలడం ఆలస్యమైంది. ఉన్నవన్నీ అయిపోయాక నాయనమ్మ ఆ మూట దింపింది. విప్పింది. గడ్డి. నా వైపు చూసింది. ఒక్క మాట అనలా. మళ్ళీ ముడేసి దూలానికి కట్టేసింది. అమ్మకి పాలు ఇంకిపోయాయి. తమ్ముడు పోయాడు. వాడికి ఇంకా పళ్ళు రాలేదు నస్తాస్యా.”

“ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?”

“నాయనమ్మే చెప్పలేదు, నేనెలా చెప్పను?”

“మరి ఆ ఫోన్లో, ముక్కూమొహం ఎరగనివాళ్ళకి?”

“వాళ్ళు గడ్డి కుక్కబోతున్నారే. ఒకసారి కుక్కినవాళ్ళే కదా చెప్పాలి.”

మళ్ళీ ఫోన్లో మాట్లాడాలంటే ఏడాది ఆగాలి. “వచ్చేసారి నా పేరు చెప్పుకోను, సూటిగా మొదలెడతా” అనేది. ఏప్రిల్లో దగ్గు పట్టుకుంది. పట్నం ఆసుపత్రికి విమానం ఎక్కించబోతే ముక్కు ముడిచింది. మే నెలలో, మంచు కదలకముందే పోయింది.

జులైలో అగాఫియాకి ఆడపిల్ల పుట్టింది. ఓలింకా అని పేరు పెట్టి నీళ్ళు చల్లాం. పక్క మీద చేరెడు లేని దాన్ని చూసి నేను “వచ్చావా వదినా” అన్నాను.

ఆ చలికాలమంతా అగాఫియా, నేను ఉత్తరాలు రాశాం. జూనోకి పంపే సందేశంలో యాభై మాటలకి మించకూడదట. నాలాంటిదానికి యాభై మాటలు పలకరింపుకే చాలవు. అయినా రాశాను, చింపాను, మళ్ళీ రాశాను. పక్క ఊళ్ళకి మంచుబండి మీద కాగితం తిప్పాం. నూట ఇరవై సంతకాలయ్యాయి.

ఈ ఫిబ్రవరిలో నేను ఫోను ముందు కూర్చున్నాను. అగాఫియా ఒళ్ళో పిల్ల. ఆఫీసు నిండా జనం. చిన్నబడిలో నేర్చిన ఇంగ్లీషే నాది. “ఒక పిల్ల మూటలోంచి చేప తీసి గడ్డి కుక్కింది,” అని మొదలుపెట్టాను. ఎవరి మనిషినో చెప్పకుండా మాట్లాడుతుంటే నడివీధిలో తలగుడ్డ జారినంత సిగ్గేసింది. పళ్ళు రాని తమ్ముడి దాకా చెప్పాను. గంట మోగలేదు. ఇంకా కొన్ని క్షణాలు మిగిలాయి. వాటిలో ఆ పిల్ల పేరు ఓలింకా అని, ఎవరి కూతురో, ఎవరి పెళ్ళామో, ఎవరి పేరు మోసిందో చెప్పాను.

“ధన్యవాదాలు. తరువాతివారు.”

ఊరు ఆ సంగతి వినడం అదే మొదలు. ఈవన్ టోపీ చేతిలో పట్టుకుని గోడకి తిరిగి నిలబడ్డాడు.

మా మాట నెగ్గలేదు. ఏప్రిల్లో రేడియోలో చెప్పారు, ఈసారికి తీసుకుంటున్నామని. వెళ్ళి పిల్లకి చెప్పాను. “వదినా, తీసేశారే.” అది నా వేళ్ళకున్న చేపనూనె వాసనకి కాబోలు, ముక్కు ముడిచింది.

నిన్న వదిన గుడిసె ఎక్కాను, అగాఫియా ఇంటికి చేపలు కావాలని. ఈవన్ నిచ్చెన పట్టుకున్నాడు. నేను ఒక్కొక్క ముడీ విప్పి చెయ్యి దూరుస్తుంటే, ఎలక మాట ఎప్పుడంటాడా అని చూశాను. అనలేదు.

“అక్కా, అడుగుదాకా ఉన్నాయా?” అన్నాడు.

చేపలే ఉన్నాయి. “ఉన్నాయిరా,” అన్నాను. వెనక దూలం దగ్గరి సంచి మాత్రం విప్పకుండా, ముడి ఇంకొంచెం బిగించి దిగాను. నదిలో మంచు ఇంకా కదలలేదు.